పట్టీ తీసి దాటాలి

మధ్యాహ్నం రెండు గంటలకు బేస్ క్యాంపులో దిగాం. సెప్టెంబరు నెల. ఎండ కళ్లలో గుచ్చుతోంది, గాలి చెవులు కోస్తోంది. లారీ వెనక తలుపు తీయగానే ఒకడు కిందికి వంగి వాంతి చేసుకున్నాడు. ఎత్తుకు అలవాటు పడేదాకా అంతే అన్నారు.

సాయంత్రం సామాను పంచారు. రెండు పొరల బూట్లు. తెల్ల కోటు. నల్లద్దాలు. మూడు జతల గ్లౌజులు: లోపల పల్చటివి, వాటి మీద ఉన్నివి, పైన తడి అంటనివి. నడుముకు తాడు. చివర్లో ఒక్కొక్కరికి రెండేసి కర్రలు.

నాకు నవ్వొచ్చింది. బోధన్ పక్క పల్లెలో చెరుకు తోటల మధ్య పుట్టినవాణ్ని. మా దగ్గర కర్ర ముసలివాళ్లకు, లేదంటే బర్రెల వెంట పోయేవాళ్లకు.

పక్కనున్న రేడియో ఆపరేటర్ నా మోచేతి మీద కొట్టాడు. ఆయనది ఇందల్వాయి. కంపెనీ మొత్తంలో మా ఇద్దరిదే ఒక జిల్లా. అంతకు ముందు ఒక చలికాలం ఆ కొండల మీద గడిపి వచ్చినవాడు. నేను అన్న అని పిలిచేవాణ్ని.

"నవ్వకురా తమ్మీ. గీ ఆర్నెల్లు నీకు పెండ్లామైనా గివే, పిల్లలైనా గివే. మంచిగ సూస్కో."

అది ఏ కొండో, ఏ పోస్టో చెప్పను. చెప్పకూడదు. చెప్పినా ఇక్కడ అడిగేవాళ్లకు కావలసింది వేరు. "ఎంతమందిని కాల్చినవ్?" అని అడుగుతారు. ఆ ఆర్నెల్లలో నేను ఒక్క గుండు కూడా కాల్చలేదు. నడిచాను. బరువు మోశాను. మళ్లీ నడిచాను.

నడవడం నేర్పినవాడు మా మంచు ఉస్తాద్. గఢ్వాల్ మనిషి, హవల్దారు. గడ్డం మీద చలికి కాలిన నల్లమచ్చ. అతను హిందీలో చెప్పినవి తెలుగులో చెబుతున్నాను. ఈమధ్య నిజామాబాద్‌లో పొద్దున నడిచే మిత్రులు కొందరు హిమాలయాలకు పోతామంటూ నా దగ్గరికి వచ్చి ఏ కర్రలు కొనాలని అడిగారు. వాళ్లకు కూడా ఇవే చెప్పాను.

మొదట తాళం చూడమన్నాడు. కర్ర మూడు ముక్కలుగా ఒకదానిలోంచి ఒకటి వస్తుంది. కొన్నింటిని తిప్పి బిగించాలి, కొన్నింటికి బయట క్లిప్పు ఉంటుంది. చలిలో తిప్పి బిగించేవి జారతాయి, గ్లౌజులతో పట్టు దొరకదు. క్లిప్పు ఉన్నదే తీసుకోవాలి. తీసుకున్నాక నేల మీద ఆనించి ఒంటి బరువంతా దాని మీద వేయాలి. నాకు వచ్చిన జతలో ఒకటి చప్పున కుంగింది. ఉస్తాద్ దాన్ని లాక్కుని గోడవైపు విసిరాడు.

"ఇక్కడ కుంగితే నవ్వుతావు. పైన కుంగితే ఎవడూ నవ్వడు. ఇంకోటి తీసుకో."

కార్బన్ కర్ర తేలిక. కానీ రాళ్ల మధ్య ఇరుక్కుని పక్కనుంచి బరువు పడితే టక్కున విరుగుతుంది. అల్యూమినియం వంగుతుంది. మోకాలి మీద పెట్టి నిటారు చేసుకుని ఇల్లు చేరొచ్చు. పిడి కింద కూడా జానెడు మెత్తటి తొడుగు ఉండాలి. ఎక్కేటప్పుడు చెయ్యి కిందికి జారుతుంది. ఉత్త లోహం తగిలితే చలి నేరుగా వేళ్లలోకి దిగుతుంది. మంచులో కొన దగ్గర వెడల్పాటి చక్రం తప్పనిసరి, లేకపోతే కర్ర పిడిదాకా దిగిపోతుంది.

తర్వాత పొడవు. చదును నేల మీద నిలబడి కర్ర ఆనిస్తే మోచెయ్యి లంబకోణంలో మడవాలి. ఎక్కేటప్పుడు కాస్త పొట్టి చేయాలి. దిగేటప్పుడు పొడవు పెంచాలి, మోకాళ్ల మీద పడే బరువు భుజాలు పంచుకుంటాయి. వాలుకు అడ్డంగా పోయేటప్పుడు కొండవైపు కర్ర పొట్టి, లోయవైపు కర్ర పొడవు. కుడికాలితో ఎడమ కర్ర, ఎడమకాలితో కుడి కర్ర. కొత్త మంచులో ముందు కర్ర దిగాలి, ఆ తర్వాతే కాలు.

చివరగా పట్టీ. పిడికి వేలాడే బట్ట పట్టీని చాలామంది ఊరికే పెట్టారనుకుంటారు. అందులోకి చేతిని కిందనుంచి పైకి దూర్చి, పట్టీని పిడిని కలిపి పట్టుకోవాలి. అప్పుడు బరువు మణికట్టు మోస్తుంది. వేళ్లు వదులుగా ఉంటాయి, రక్తం ఆడుతుంది. గట్టిగా పిడికిలి బిగించినవాడి వేళ్లు ముందు పోతాయి.

"కానీ," అని ఉస్తాద్ మా అందరి ముఖాలు చూశాడు. "మంచు విరిగి జారే వాలు దాటేటప్పుడు చేతులు పట్టీలోంచి తీసేయాలి. బరువు సంచి బెల్టు విప్పేయాలి. ఒకరి వెనక ఒకరు, తాడు లేకుండా దాటాలి. మంచు మింగినప్పుడు కర్ర చేతికి ఉంటే లంగరులా కిందికి గుంజుతుంది. చేతులు ఖాళీగా ఉంటే ముఖం ముందు కొంచెం జాగా చేసుకోవచ్చు. ఆ జాగాలో ఉన్న గాలే నీ ఆయుష్షు."

మా చేత ఇరవైసార్లు చేయించాడు. పట్టీలో చెయ్యి పెట్టు, తియ్యి. పెట్టు, తియ్యి. అన్న నా వైపు చూసి కన్ను కొట్టాడు. "పెండ్లిల గూడ ఇన్నిసార్లు లేసి కూసోలేదురా."

అలవాటు పడ్డాక పై పోస్టుకు పంపారు. ఫైబర్ గుడిసె ఒకటి, మంచులో తవ్విన బంకరు ఒకటి. ఉన్నది ఉస్తాద్‌తో కలిపి ఎనిమిది మందిమి. మా పని కింది పోస్టు నుంచి కిరోసిన్, రేషన్, బ్యాటరీలు మోసుకురావడం. గాలి అనుమతిస్తే పోవడం, లేకపోతే మంచు తవ్వడం. తాగే నీళ్లు కూడా మంచు కరిగించుకున్నవే. కిరోసిన్ మసి ముక్కులోంచి నల్లగా వచ్చేది.

అన్న రేడియో సెట్ ముందు కూర్చుని గంటకోసారి కిందికి మాట్లాడేవాడు. "పైన అందరం క్షేమం. ఓవర్." తర్వాత బటన్ వదిలి నాతో తెలుగులో, "క్షేమమంట. కాళ్లు లెవ్వు, చేతులు లెవ్వు, క్షేమం," అనేవాడు. మార్చిలో మా వైపు పసుపు ఉడకబెట్టే రోజులు గుర్తు చేసుకునేవాడు. పసుపు ఉడికే ఆవిరిలో నిలబడాలని, నిజాంసాగర్ కాలువలో దిగి మెడదాకా కూర్చోవాలని ఉందనేవాడు. నేను బాపు సంగతి చెప్పేవాణ్ని. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన చెరుకు మానేసి వరి వేశాడు. అయినా గెట్టు మీద నాలుగు చెరుకులు ఉంచుకున్నాడు.

"మీ బాపు మంచోడురా. నాలుగు గడలు మనం పోయినంక నరుకుదాం. నువ్వు రెండు, నేను రెండు," అనేవాడు అన్న.

ఫిబ్రవరిలో వంటవాడికి జబ్బు చేసింది. మొదట దగ్గు. రెండో రోజుకు ఊపిరి పీలిస్తే ఛాతీలో నీళ్లు బుడబుడలాడిన చప్పుడు. ఏదేదో మాట్లాడుతున్నాడు. నర్సింగ్ అసిస్టెంట్ ఆక్సిజన్ పెట్టి, ఇక్కడే ఉంటే పోతాడన్నాడు. మా పోస్టు దగ్గర హెలికాప్టర్ దిగే గాలి లేదు. కింది పోస్టుకు దింపితే తీసుకుపోతామన్నారు.

తెల్లవారగానే బయలుదేరాం. ముందు ఉస్తాద్. మంచు మీద లాగే స్లెడ్జి బండి మీద వంటవాడు. దాన్ని పట్టుకుని నేను, అన్న, నర్సింగ్ అసిస్టెంట్. దిగుడు కాబట్టి కర్రలు పొడవు పెంచుకున్నాం. మంచు గట్టిగా ఉంది, కొనలు కరకరలాడాయి.

సగం దారిలో వంటవాడు ఒళ్లు మండుతోందని గ్లౌజులు పీకి విసిరేశాడు. అవి జారుతూ పోయి మంచు చీలికలో పడ్డాయి. అంత చలిలో ఒట్టి చేతులు. ఆ జబ్బులో మతి అలాగే పోతుంది. అన్న స్లెడ్జి ఆపాడు. తన పై గ్లౌజులు తీసి, లోపలి ఉన్ని జత వాడికి తొడిగాడు. తను పల్చటివాటి మీద పైవి వేసుకున్నాడు.

"అన్నా, నీకెట్ల?" అన్నాను.

"నడుస్తున్న గద. నడిచేటోనికి వేడుంటది. పండుకున్నోనికి ఏముంటది?"

కింది పోస్టు చేరేసరికి అన్న కుడిచేతి వేళ్లు తెల్లగా మొద్దుబారాయి. స్లెడ్జి తాడు పట్టుకున్న చెయ్యి అది. నర్సింగ్ అసిస్టెంట్ చంకలో పెట్టి వెచ్చచేశాడు. రంగు కొంచెం వచ్చింది, స్పర్శ రాలేదు. ఆ పోస్టులో మిగులు జత ఉన్ని గ్లౌజులు లేవు. బట్ట చుట్టి, పైన గ్లౌజు తొడిగి, కర్ర పట్టీని మణికట్టుకు గట్టిగా బిగించి కట్టాడు.

"పిడి పట్టుకోవద్దు. మణికట్టుతో నెట్టుకుంటూ పో," అన్నాడు.

వైద్యపరంగా అది సరైన మాటే. పట్టీ ఉన్నది అందుకే.

హెలికాప్టర్ వచ్చింది. వంటవాడికి, నర్సింగ్ అసిస్టెంట్‌కు మాత్రమే చోటుంది. అన్న కూడా పోవలసింది. తర్వాతి విడతలో చూద్దామన్నారు. తర్వాతి విడత రాలేదు, మబ్బు కమ్మింది.

ఉస్తాద్ ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు మంచు గట్టిపడ్డాక పైకి పోదామన్నాడు. పొద్దంతా ఎండ కాసిన వాలు మెత్తబడి ఉంటుందని అతని భయం. అన్న సెట్ తీసి బేస్ క్యాంపును అడిగాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత మాకు చెప్పాడు.

"ఇయ్యాల్నే రమ్మంటున్నరు. రేపటి సంది తుఫానట. పైన ముగ్గురే ఉన్నరు."

అదీ తప్పు ఆజ్ఞ కాదు. ముగ్గురితో ఆ పోస్టు తుఫానులో నిలవదు. నేను ఎన్నిసార్లు తిరగేసి చూసినా నిందించడానికి ఒక మనిషి దొరకడు. అందుకే నాకు ఇంత కోపం.

మధ్యాహ్నం మూడింటికి ఆ వాలు దగ్గరికి వచ్చాం. అడ్డంగా రెండు వందల అడుగులు ఉంటుంది. పైన నిండు మంచు. ఉస్తాద్ తాడు విప్పించాడు. బెల్టులు విప్పించాడు. పట్టీలోంచి చేతులు తీయమన్నాడు. తను ముందు దాటాడు. తర్వాత నేను. అవతల రాతి కింద నిలబడి వెనక్కి తిరిగి చూశాం.

అన్న వాలులోకి నాలుగడుగులు వేశాడు. ఎడమ కర్ర పట్టీ వదులుగా ఊగుతోంది. కుడి మణికట్టు మాత్రం కర్రకు అంటుకునే ఉంది. ఉస్తాద్ చూశాడు. చేతిలోని చిన్న సెట్ నా నోటి దగ్గర పెట్టాడు. "నీ భాషలో అడుగు."

"అన్నా, కుడిది పట్టీ తీసినవా?"

"ముడి బిగుసుకున్నది తమ్మీ. మంచు గట్టింది. వేళ్లు వస్తలెవ్వు. ఏం గాదు, రెండు నిమిషాలల్ల దాటుత."

ఉస్తాద్‌కు నేను చెప్పాను. అతను సెట్ లాక్కుని హిందీలో అరిచాడు. "ఆగు! అక్కడే ఆగు! విప్పాకే రా!"

అన్న ఆగాడు. ఆయన ఎప్పుడూ ఆజ్ఞ దాటలేదు. రెండు కాళ్లు దగ్గర పెట్టి నిలబడి, కుడి మణికట్టు నోటి దగ్గరికి ఎత్తి, పళ్లతో ముడి గుంజడం మొదలుపెట్టాడు. ఎడమ కర్ర పక్కన గుచ్చి ఉంది.

"ఊడుతున్నది," అన్నాడు సెట్లో. మాట ముద్దగా వచ్చింది, పళ్ల మధ్య పట్టీ ఉంది.

పైన ఎక్కడో బరువైన తలుపు మూసినట్టు ఒక చప్పుడు. వాలంతా ఒక్కసారి కదిలింది. తెల్లటి పొగ లేచింది. అది తగ్గాక అన్న నిలబడ్డచోట ఎవరూ లేరు.

ఉస్తాద్ నాకంటే ముందు దూకాడు. అతని దగ్గర వెతికే కడ్డీ ఉంది. నేను కర్ర చక్రం పీకేసి ఉత్త కొనతో గుచ్చుకుంటూ పోయాను. కింద మంచు ముద్దల మీద ఎడమ కర్ర పడి ఉంది. చేతికి లేని కర్ర పైకి తేలింది. దాని చుట్టూ ముందు వెతికాం. అక్కడ లేడు. ఆయన ఇంకా చాలా కింద, ఒక పక్కన ఉన్నాడు. ఉస్తాద్ కడ్డీకి మెత్తగా తగిలింది. తవ్వాం.

కుడిచెయ్యి వెనక్కి, కిందికి గుంజుకుపోయి ఉంది. ఎడమచెయ్యి ఒంటికింద. ముఖం ముందు జాగా లేదు. నోట్లో పట్టీ చివర ఉంది.

అన్న ఛాతీ మీద ఉస్తాద్ చాలాసేపు నొక్కాడు. నేను నోట్లోకి ఊదాను. తర్వాత ఉస్తాద్ ఆపి మంచులో కూలబడ్డాడు.

"నేను ఆగమన్నాను," అన్నాడు. "నడిచి ఉంటే దాటేవాడు."

"దాటేవాడు కాదేమో ఉస్తాద్."

"నువ్వు పక్కా చెప్పగలవా?"

మార్చిలో కిందికి దిగేదాకా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

మార్చి చివర్లో సెలవు మీద ఇంటికి వచ్చాను. నిజామాబాద్‌లో ఒక హాల్లో సన్మానం పెట్టారు. శాలువా కప్పారు. ఒక నాయకుడు మైకు పట్టుకుని, మా రేడియో ఆపరేటర్ శత్రువు గుండ్లకు ఎదురొడ్డి పోయాడని చెప్పాడు. నేను లేచి, అది మంచు సార్ అన్నాను. "అదే అదే, మంచులో యుద్ధం," అని చప్పట్లు కొట్టించాడు. ఇందల్వాయి దగ్గర రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. అన్న ముఖాన్ని తుపాకి పట్టుకున్న ఎవరిదో ఒంటి మీద అతికించారు. ఆయన మోసిన సెట్ అందులో ఎక్కడా లేదు.

ఆయన ఇంటికి పోయాను. వాకిట్లో ఉడికిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. వదినె కూర్చుని పుచ్చినవి ఏరుతోంది. చేతులు మోచేతులదాకా పచ్చగా ఉన్నాయి. హైవే మీద లారీలు పోతుంటే మాట ఆగి ఆగి నడిచింది.

"తమ్మీ, నువ్వు ఆడ్నే ఉన్నవట. నిజం చెప్పు. ఎట్ల పోయిండు?"

చెప్పాను. గ్లౌజులు, పట్టీ, ముడి, ఉస్తాద్ ఆగమనడం, అన్నీ. ఆమె ఏరడం ఆపలేదు.

"గంతేనా? జానెడు పట్టీకా?"

"ఔ వదినె."

"గా గ్లౌజులు ఎవనికిచ్చిండో వాడు బతికిండా?"

"బతికిండు."

"ఒక్కనాడన్న ఫోన్ చేసిండా?"

"లే."

వంటవాడికి నేనే ఒకసారి ఫోన్ చేశాను. ఆ రోజు తనకేమీ గుర్తులేదన్నాడు. స్లెడ్జి గుర్తులేదు, చేతులకు గ్లౌజులు ఎవరు తొడిగారో గుర్తులేదు. అబద్ధం కాదది. ఆ జబ్బు అంతే. దవాఖానాలో ఆ గ్లౌజులు తీసి ఎక్కడ పెట్టారో కూడా తెలియదన్నాడు. ఏడ్చాడు. ఆ తర్వాత వాడు చేయలేదు, నేనూ చేయలేదు.

వదినె చేతిలోని పసుపు కొమ్మును విరిచి చూసింది. పక్కన పడేసింది.

"ఊరంత తుపాకి గుండు తాకిందన్నరు తమ్మీ. పిల్లలు గూడ బడిల గదే చెప్పుకున్నరు. నువ్వెందుకొచ్చి చెప్పినవ్?"

"నువ్వడిగితివి వదినె."

"అడుగుత. అడగకుంట ఎట్లుంట? నువ్వు గుండనాలె."

లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగాను. మళ్లీ రమ్మని అనలేదు. నేను పోలేదు.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక బ్యాంకు తలుపు దగ్గర కాపలా ఉంటాను. మోకాళ్లు అరిగాయి. సెలవు రోజు ఊరికి పోతే కాలువ గట్టు మీద రెండు కర్రలతో నడుస్తాను. మా పక్క పొలం ఆయన కోస్తా నుంచి వచ్చిన రైతు. మంచి మనిషి.

"ఏంటయ్యా మిలిటరీ, నడవడానికి రెండు కర్రలేంటి? మంచులో ఉన్నావనుకుంటున్నావా?" అని నవ్వుతాడు.

నేనూ నవ్వుతాను. కర్రలు ఎలా పట్టుకోవాలో ఒకరోజు ఆయనకూ చూపించాను. దిగుడులో మోకాలికి బాగానే ఉందన్నాడు. పట్టీ ఎప్పుడు తీయాలో చెప్పబోయాను. "మన కాలువ గట్టు మీద అవెందుకులే," అన్నాడు. నిజమే కదా.

హిమాలయాలకు పోతామన్న మిత్రులు కూడా పట్టీ సంగతికి వచ్చేసరికి ఫోన్లు తీసి కర్రల ధరలు చూడటంలో పడ్డారు. ఒకాయన ఆపమని సైగచేసి, "సార్, మీరు బార్డర్‌లో ఒక్కసారన్నా ఫైరింగ్ చూసిండ్రా?" అని అడిగాడు. చూడలేదన్నాను. చాయ్ తాగి వెళ్లిపోయారు.

అన్న పోయిన మర్నాడు తుఫాను ఇంకా పూర్తిగా దిగలేదు, గాలి మాత్రం రాత్రంతా కొట్టింది. పొద్దున ఆయన సెట్ వెతకడానికి ఉస్తాద్, నేను ఆ వాలు దగ్గరికి పోయాం. మంచులో మనిషి అడుగు వేసినచోట మంచు నొక్కుకుని గట్టిపడుతుంది. గాలి చుట్టూ ఉన్న పొడి మంచును ఊడ్చుకుపోతే ఆ అడుగులు గుంటల్లా ఉండవు, ఉబ్బి పైకి నిలబడతాయి. అవతలి ఒడ్డున, మా జాడలోనే చివరగా వచ్చిన అన్న అడుగులు అలా నిలబడి ఉన్నాయి. బెత్తెడెత్తున, ఒకదాని తర్వాత ఒకటి, మా వైపు వస్తూ. ఎడమ పక్క కర్ర దిగినచోట్ల చిన్న చిన్న బొడిపెలు.

వాలు విరిగిన అంచు కత్తితో కోసినట్టుంది. ఆ అంచు మీద రెండు మడమలు పక్కపక్కన ఉన్నాయి. ముందరి సగాలు మంచుతో పాటు పోయాయి. ఆగమంటే ఆగిన మనిషి మడమలు. ఎండ వచ్చింది. వాటి నీడ మా వైపు పడింది.